వక్కాకు తిత్తిలో గాలాలు

ఇది ముందే రాయాల్సింది. రాయలేకపోయినందుకు మొదటి కారణం మా ఊళ్లో అందరికీ తెలుసు: నాకు చదువు లేదు. యాభై ఏడేళ్లు వచ్చేదాకా ఒక్క అక్షరం కూడా నా చేతికి తెలియదు. రెండో కారణం ఎవరికీ చెప్పలేదు. చదువు వచ్చాక నేను ఒక రిజిస్టరులో చదివిన మొదటి వాక్యం నా గురించే ఉంది. అది అబద్ధం. ఆ కోపంలో పెన్ను పట్టుకుంటే కాగితం చినిగేది. చల్లారాక రాద్దామని ఆగాను. రెండు వానాకాలాలు పోయాయి, కోపం మాత్రం పోలేదు. ఇక పోదని తెలిసింది కాబట్టి దానితోనే రాస్తున్నాను.

నేను చేపలు పట్టే మనిషిని. ఐరాల పక్కన కొండల మధ్య కట్ట వేసి నీళ్లు ఆపిన ప్రాజెక్టు ఒకటి ఉంది, దాని కింద మా ఊరు. నలభై ఏళ్లుగా ఆ నీళ్లలో నడుముల్లోతున నిలబడి గాలం వేస్తున్నాను. నాకు వల లేదు, ఎక్కి తిరగడానికి పుట్టి లేదు. గాలం ఒక్కటే.

గాలం మా నాయన నేర్పాడు. నా పుట్టిల్లు నగరిలో, మగ్గాల ఇల్లు. పని లేని రోజుల్లో నాయన చెరువుకు పోయేవాడు, నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఎర్రలు, అంటే వానపాములు, గుచ్చి వేస్తే అడుగున తిరిగే చేప పడుతుంది. కానీ సాయంత్రం పూట నీళ్ల పైన పురుగులు ఎగురుతుంటే వాటి కోసం పైకి లేచే చేపలుంటాయి, అవి ఎర్రను చూడవు. వాటి కోసం నాయన కోడి మెడ ఈకను చిన్న గాలానికి పెట్టి, మగ్గం మీద మిగిలిన పోగుతో చుట్టి, అచ్చం పురుగులా చేసేవాడు. దాన్ని మేము ఈక గాలం అనేవాళ్లం. మగ్గం నేసే వేళ్లు కాబట్టి ముడి ఎక్కడుందో కనపడేది కాదు.

ఈక గాలం వేసేవాడు గట్టు మీద కూర్చుంటే లాభం లేదు. నీళ్లలోకి దిగాలి. దిగాక ఒక చెయ్యి కర్రకు, ఒక చెయ్యి దారానికి. మిగిలిన సామాను ఎక్కడ పెట్టుకోవాలి? నీళ్లలో అరుగు లేదు, గూడు లేదు. చేతిలోంచి జారింది మళ్లీ దొరకదు. నాయన ఒకటే మాట చెప్పేవాడు.

"నీళ్లలోకి ఎత్తుకోని పొయ్యేదంతా బరువే పాపా. ఏది లేకపోయినా పని జరుగుతుందో అది ఇంట్లో పెట్టి రా."

ఏది లేకపోయినా పని జరగదో అది ఒంటి మీద ఉండాలి. ఎలా ఉండాలన్నది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మొదట్లో భుజానికి సంచి తగిలించుకున్నాను. చేపను అందుకోవడానికి వంగగానే అది ముందుకు జారి నీళ్లలో పడేది. తల మీద బుట్ట పెట్టుకున్నాను. గాలి వీస్తే బుట్టను చూసుకోవాలా, చేపను చూసుకోవాలా? గాలాలు కొంగున గుచ్చుకున్నాను. ఒకసారి చెమట తుడుచుకోబోతే బొటనవేలిలో దిగింది, ఆ మచ్చ ఇంకా ఉంది. కొప్పులో గుచ్చుకుంటే నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పూలు పెట్టుకుంటారు గానీ, గాలాలు పెట్టుకునేదాన్ని నిన్నే చూస్తా ఉండా. రేపు పెండ్లిచూపులకు గూడా ఇట్లనే కూర్చో, వచ్చినోడు పోలేడు."

చివరికి దారి చూపింది అమ్మ వక్కాకు తిత్తి. మా వైపు పెద్ద ఆడవాళ్ల నడుమున ఇది ఉండేది. గుడ్డతో కుట్టిన చిన్న సంచి, రెండు దారాలు లాగితే మూతి ముడుచుకుంటుంది. లోపల నాలుగు అరలు: ఆకుకు ఒకటి, వక్కకు ఒకటి, సున్నం డబ్బీకి ఒకటి, పొగాకుకు ఒకటి. అమ్మ పోయాక దాన్ని నేను తెచ్చుకున్నాను. వక్క అరలో గాలాలు, వాటి ముళ్లు ఒక బెండు ముక్కలో దిగి ఉంటాయి కాబట్టి చెయ్యి పెట్టినా గుచ్చుకోవు. ఆకు అరలో దారం, కంది పుల్లకు చుట్టి. సున్నం డబ్బీలో రాగి సంగటి, నూనె తీసిన చెనిక్కాయ చెక్క కలిపి పిసికిన ముద్ద, పెద్ద చేపల కోసం. పొగాకు అరలో ఈకలు. ఆ అరలోంచి పొగాకు వాసన ఎన్ని ఏళ్లయినా పోలేదు, అందుకే ఈకల్ని పురుగు కొట్టదు. తిత్తిని నడుమున కట్టుకుంటే తడుస్తుంది. అందుకని మెడకు తాడు కట్టి, రొమ్ము మీదకు వదిలి, వంగినప్పుడు ఊగకుండా దాని కింది కొసను రవిక అంచులో దోపుకుంటాను. ముడి వేసుకోవాల్సి వస్తే కర్రను చంకలో ఇరికించుకుంటే రెండు చేతులూ ఖాళీ. పడిన చేపను నడుముకు కట్టిన తాడుకు గుచ్చి నీళ్లలోనే వదిలితే సాయంత్రం దాకా బతికే ఉంటుంది. అంతే. నా సామాను మొత్తం ఒక చారెడు.

దాని మీద కొంగు కప్పుకుంటాను. ఎందుకు కప్పుకుంటానో చెప్పాలి, గొడవంతా అక్కడే ఉంది.

ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఒకరోజు కర్ర భుజాన వేసుకుని, చేపల తాడు చేత పట్టుకుని బజారున వస్తున్నాను. ఊళ్లో భూమీ పుట్రా ఉన్న పెద్దమనిషి ఒకాయన టెంకాయ, పూలు పట్టుకుని కాణిపాకం మొక్కుకు బయలుదేరాడు. నన్ను చూసి ఆగిపోయాడు. గాలంతో ఆడది ఎదురొచ్చిందని వెనక్కి పోయి, మళ్లీ స్నానం చేసి, మళ్లీ బయలుదేరాడు. సాయంత్రానికి మాట మా ఇంటికి చేరింది. మా అత్త చెడ్డది కాదు. నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పింది.

"పట్టుకో, నేను వద్దనను. నీ చేపలతో ఇల్లు గడస్తా ఉండాది. కానీ పట్టేది ఎవురికీ అగుపడకూడదు."

అదే పెద్దమనిషి ఇంట్లోంచి ఆ వారమే గిన్నె వచ్చింది, మామిడికాయ వేసిన చేపల పులుసు కొంచెం ఉంటే పంపమని. పంపాం. పులుసు కావాలి, చేపలు కావాలి, పట్టిన మనిషి మాత్రం కంటికి కనపడకూడదు. ఆ రోజు ఎందుకు పంపానా అని ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

అప్పటి నుంచి కనపడకపోవడమే నా పనిలో సగం అయింది. కర్రను ఇంటికి తేవడం మానేశాను. నేను నిలబడే చోట ఒక బండ ఉంది, పని అయిపోగానే కర్రను నీళ్లలో దాని పక్కన పెట్టి పైన రాయి ఉంచుతాను. గాలం బెండులోకి, దారం పుల్లకు, అన్నీ తిత్తిలోకి, తిత్తి కొంగు కిందికి. చేపలు బిందెలో, పైన తంగేడు ఆకులు. కాళ్లూ చేతులూ కడుక్కుని కట్ట ఎక్కుతాను. చూసినవాళ్లు నీళ్లకు పోయి వస్తున్న ఆడమనిషి అనుకోవాలి. నలభై ఏళ్లలో ఇది ఎంత అలవాటైందంటే, చెయ్యి తనంతట తానే చేసేది.

మూడేళ్ల కిందట ప్రాజెక్టులో చేపల సంఘం పెట్టారు. ఇకపై కార్డు ఉన్నవాళ్లే నీళ్లలోకి దిగాలన్నారు. ఎవరు నిజంగా చేపలు పట్టేవాళ్లో చూసి రాసుకోవడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆ మధ్యాహ్నం నేను అప్పుడే నీళ్లలో దిగాను, ఇంకా ఒక్క చేప పడలేదు. సంఘం పెద్ద కట్ట మీద నుంచి చెయ్యి ఊపాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, బిన్నా రా. సారొచ్చినాడు."

పిలుపు వినగానే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కర్ర రాయి కిందికి, దారం పుల్లకు, గాలం బెండులోకి. పెద్దమనుషుల ముందుకు పోతున్నానని కొంగు ఇంకొంచెం గట్టిగా కప్పుకున్నాను. కట్ట ఎక్కి నిలబడ్డాను. నడుము దాకా తడిసిన చీర, రెండు ఖాళీ చేతులు.

ఆఫీసరు తల ఎత్తి చూశాడు. "ఏమ్మా, బట్టలు ఉతకడానికి వచ్చావా?"

"కాదు సారూ. చేపలు పట్టేదానికి."

"వల ఏది?"

"వల లేదు సారూ. గాలం."

"సరే, గాలం ఏది?"

చుట్టూ పదిమంది మగవాళ్లు. తిత్తి రొమ్ము మీద ఉంది. నేను పక్కకు తిరిగి, కొంగు కిందికి చెయ్యి పోనిచ్చి, తాడు పట్టి తిత్తిని సగం పైకి లాగాను. ఆయన అది చూశాడు.

"వక్కాకు తర్వాత వేసుకుందువులే తల్లీ. ముందు అడిగినదానికి చెప్పు."

అందరూ నవ్వారు. నేను తిత్తిని మళ్లీ లోపలికి తోసేశాను. ఆఫీసరును తిట్టుకున్నాను, నవ్వినవాళ్లను తిట్టుకున్నాను, కానీ అందరికంటే ఎక్కువగా ఆ తోసేసిన చేతిని తిట్టుకున్నాను. రెండు దారాలు సడలించి మూతి తెరిచి ఉంటే అయిపోయేది. తెరవలేదు. కర్ర బండ పక్కన నీళ్లలో ఉందన్నాను.

"నీళ్లలో కర్ర ఉందట," అన్నాడాయన పక్కనున్న మనిషితో. రిజిస్టరులో ఏదో రాసి, సిరా దిండు నా ముందుకు జరిపాడు. నేను వేలిముద్ర వేశాను.

సంఘం పెద్ద పక్కనే ఉన్నాడు. అతని పెళ్లి విందులో తిన్న కొరమీను నేను పట్టింది. అతని భార్య కడుపుతో ఉన్నప్పుడు పరిగెల వేపుడు తినాలనుందంటే తెచ్చిపెట్టింది నేను. అతను ఒక్క మాట అనలేదు. నా వైపు కాకుండా నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

కార్డుల జాబితా వచ్చింది. నా కోడలు చదివి, నా పేరు లేదని చెప్పింది. తెల్లారి నేను నీళ్ల దగ్గరికి పోతే తూము దగ్గర సంఘం పెద్ద అడ్డం నిలబడ్డాడు.

"కార్డు లేదు కదక్కా. దిగితే నామింద మాటొస్తాది."

"ఎందుకు లేదో చెప్పు."

"పైనోళ్లు రాసినారు. నాకేం ఎరుక."

కర్రను ఇంటికి తెచ్చి చూరులో దోపాను. కోడలు సంఘం గదికి పోయి రిజిస్టరు చూపించమంది. వేలిముద్ర వేసిన మనిషే వచ్చి చదువుకోవాలని చెప్పి పంపేశారు. చదువు రాని మనిషిని వచ్చి చదువుకోమన్నారు. ఎంత తెలివిగా చెప్పామా అని నవ్వుకుని ఉంటారు. కోడలు ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, గూట్లోంచి సుద్దముక్క తీసింది.

"కూర్చో అత్తా. వాళ్లు చెప్పినట్లే చేద్దాం."

వంటింట్లో కడప బండల మీద సుద్దముక్కతో నేర్పింది. పొద్దున రాసింది సాయంత్రానికి నీళ్లతో కడిగేది, మళ్లీ నేను రాయాలి. ముడి వేసే వేళ్లు కాబట్టి మెలికలు త్వరగానే వచ్చాయి. ఒత్తులే ఏడిపించాయి. "గాలానికి ఈక కట్టినట్లే అత్తా, కింద చిన్నదిగా పెట్టు," అనేది. బస్సుల మీది పేర్లు చదివాను. నా కొడుకు చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, వాడు తెచ్చిన డబ్బాల మీది కాగితాలు చదివాను. ఒక మామిడి కాపు నుంచి మళ్లీ కాపు వచ్చేదాకా పట్టింది.

ఆ ఏడాది అంతా కట్ట మీద నుంచి చూడడమే. ఒకసారి నా బండ మీద ఎవరో పట్నం ఆయన నిలబడి ఉన్నాడు. సరదాకు గాలం వేసేవాళ్లకు ఒక్క రోజుకు చీటీ ఇస్తారట. ఒంటి మీద జేబుల కోటు, కట్ట మీద కూర్చుని లెక్కపెడితే పద్నాలుగు జేబులు. నడుమున పెట్టె, వీపున సంచి, మెడలో కత్తెర. చేప పడి వంగగానే పెట్టె మూత ఊడి, రంగు రంగుల ఈక గాలాలు నీళ్ల మీద తేలిపోయాయి. ఆయన వాటి వెనక పరుగెత్తాడు, చేప దాని దారిన అది పోయింది. ఆయన మీద నాకు కోపం లేదు, మర్యాదగా నమస్కారం పెట్టాడు కూడా. కానీ ఆయన సామాను కనపడుతుంది కాబట్టి ఆయన చేపలు పట్టే మనిషి. నాది కనపడదు కాబట్టి నేను బట్టలు ఉతికే మనిషి. ఎక్కువ మోసేవాడికి పని తెలుసనుకుంటారు. పని తెలిసినకొద్దీ మోత తగ్గుతుందని రిజిస్టరు పట్టుకున్నవాడికి ఎవరు చెప్పాలి?

చదవగలననే ధైర్యం వచ్చాక సంఘం గదికి పోయాను. సంఘం పెద్ద ఒక్కడే ఉన్నాడు. రిజిస్టరు ఇమ్మన్నాను.

"చదివేదానికి ఎవురినన్నా పిలుచుకోని వచ్చినావా అక్కా?"

"నేనే వచ్చినా. నువ్వు పేజీ తియ్యి."

నా వేలిముద్ర చూసి గుర్తుపట్టాను, బొటనవేలి మచ్చ అందులో కూడా ఉంది. దాని పైనున్నదాన్ని వేలు పెట్టి, గట్టిగా, ఒక్కో అక్షరం చదివాను. 'చేపలు పట్టే సామగ్రి ఏదీ లేదు. వృత్తి లేదు. బట్టలు ఉతకడానికి వచ్చినట్లు కనపడుతున్నది.'

నలభై ఏళ్లు. దాని కింద నేనే ముద్ర వేసి ఒప్పుకున్నాను.

"చదువుకున్నావే అక్కా," అన్నాడతను, నవ్వబోయి ఆగి.

"నీ పెండ్లిలో తిన్న కొరమీను యాడ నుంచి వచ్చిందప్పా? ఆకాశం నుంచి రాలిందా?"

అతను పెన్ను తిప్పుకుంటూ అన్నాడు. "ఎరుకే. కాదన్లా. కానీ నువ్వే దాచిపెట్టుకుంటివి కదక్కా. నలభై ఏండ్లు కట్ట మింద నీ చేతిలో కర్ర చూసినోడు ఉండాడా? సారుకు ఏమని చెప్పేది?"

ఆ మాట నన్ను కొట్టింది, ఎందుకంటే అది నిజం. మీ శకునాల కోసం దాచాను, మీ మొక్కుల కోసం దాచాను, ఇప్పుడు దాచడమే నా తప్పయింది. రిజిస్టరు మూసి లేచాను. గడప దాటుతుంటే వెనక నుంచి అన్నాడు.

"రేపు పొద్దున సారొస్తా ఉండాడు, కొత్తోళ్లను రాసుకునేదానికి. వచ్చి నిలబడు. సామాను మాత్రం ఎత్తుకోని రా ఈ తూరి. నలుగురికీ అగుపడేటట్లు."

మరుసటి ఉదయం చూరులోంచి కర్ర తీశాను. తిత్తిని కొంగు పైన వేసుకున్నాను. బెండు ముక్కను గాలాలతో సహా భుజం మీద పిన్నీసుతో గుచ్చుకున్నాను. ఈక గాలాలు ఆరు, ఎరుపూ నలుపూ, పైట పొడుగునా వరసగా. చేపల తాడు మెడలో, తలకు గుడ్డ. వాకిట్లో ముగ్గు వేస్తున్న కోడలు లేచి నిలబడి పైనుంచి కిందికి చూసింది.

"ఏం అత్తా, పెండ్లికి పోతా ఉండావా?"

"ఊ. పెండ్లికొడుకు నీళ్లలో ఉండాడు."

సందులోంచి కాకుండా నడి బజారున పోయాను. పాల క్యాన్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. మలుపులో ఒక మోటారు సైకిలు వచ్చింది, ముందు బుట్టలో టెంకాయ, పూలు. అప్పుడు నన్ను చూసి వెనక్కి పోయిన పెద్దమనిషి కొడుకు, తనూ కాణిపాకానికే. బ్రేకు వేసి కాలు కింద పెట్టాడు.

"అమ్మా, రవ్వంత ఆ పక్కకు నిలబడు. శుభమా అని పోతా ఉండా."

"నేను గూడా శుభమా అనే పోతా ఉండా నాయనా. నువ్వే నిలబడు."

నిలబడ్డాడు. నా కర్ర మలుపు తిరిగేదాకా అతని బండి స్టార్టు చేసిన చప్పుడు వినపడలేదు.

కట్ట మీద ఆఫీసరు కుర్చీ వేసుకున్నాడు, అదే మనిషి. సంఘం పెద్ద నన్ను చూసి లేచాడు. తూము దగ్గర ఎవరూ అడ్డం రాలేదు. నేను వాళ్ల ముందు నుంచే దిగి, నా బండ దాటి, నడుముల్లోతుకు పోయి ఈక గాలం విసిరాను. పిలిచారు. పలకలేదు. మళ్లీ పిలిచారు.

"పోయిన తూరి నేను ఎక్కి వచ్చినా సారూ," అన్నాను నీళ్లలోంచే. "ఈ తూరి మీరు దిగి రండి. నా సామాను ఈడనే ఉండాది."

ఆయన బూట్లు విప్పాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, రిజిస్టరు ఛాతీకి పట్టుకుని బండ మీదికి వచ్చాడు. నేను తిత్తి మూతి తెరిచి నాలుగు అరలూ చూపించాను. సున్నం డబ్బీ మూత తీసి వాసన చూడమన్నాను. ఆయన చూశాడు. ఈక గాలం అరచేతిలో పెట్టుకుని ముడి కోసం వెతికాడు, దొరకలేదు. ఈలోగా దారం లాగింది. చిన్న జిలేబి చేప, అరచెయ్యంత. దాన్ని తాడుకు గుచ్చి నీళ్లలో వదిలాను. ఆయన బండ మీద కూర్చుని రాశాడు. రాసి, అలవాటుగా జేబులోంచి సిరా దిండు తీశాడు.

"పెన్ను ఇవ్వండి సారూ," అన్నాను.

కర్రను చంకలో ఇరికించుకుని, తడి చేతులు తల గుడ్డకు తుడుచుకుని రిజిస్టరు అందుకున్నాను. ఆయన రాసినదంతా పై నుంచి కింద దాకా చదివాను. తొందర పెట్టబోయాడు, నేను తొందరపడలేదు. 'గాలం, దారం, ఈకలు, ఎర, కర్ర. అన్నీ ఒంటి మీదే ఉన్నాయి. వృత్తి చేపలు పట్టడం.' ఎర అన్నచోట దీర్ఘం పడి ఉంటే వేలు పెట్టి చూపించాను, దిద్దాడు. అప్పుడు సంతకం పెట్టి, రిజిస్టరు ఆయనకిచ్చి, చంకలోంచి కర్ర తీసుకుని దారం మళ్లీ నీళ్లలోకి విసిరాను.